పిలవని ఉదయం

పడమటి గాలులు ఆగిన ఆ ఏడు మా ఊరి మనేబాకి కొత్త కప్పు వేశారు. ఊరంతా కలిసి కూర్చునే చావడి అది. దాని నడికొప్పు కొబ్బరిచెట్టంత ఎత్తు. ఆ వాసాల మీద నుంచి ఎవరో ఒకరు జారి పడతారని నేను మొదటి రోజే అన్నాను. ఎవరూ పడలేదు. నా భయాలెప్పుడూ అంతే. నేను ఒక వైపు కాపలా కూర్చుంటే కష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది.

మా అబ్బాయి కైతు అప్పటికి రెండు నెలలుగా ఇంట్లో ఉన్నాడు. పరాయి దేశపు సరుకుల ఓడలో రెండేళ్లు పనిచేసి సెలవు మీద వచ్చాడు. వాడు పంపిన డబ్బుతోనే మా సిమెంటు ఇల్లు మొదలైంది. గోడలు నడుమెత్తు లేచి ఆగిపోయాయి. వాటి మధ్య పక్కింటి అరోయితా వాళ్ల కోళ్లు గుడ్లు పెట్టేవి, మేం మాత్రం పక్కనే పాత పాక అరుగు మీద పడుకునేవాళ్లం. మా ఆయన ఉరియమ్‌కి చక్కెర జబ్బు. కిందటేడు ఎడమ పాదం సగానికి తీసేశారు. మిగిలిన సగం మానడం లేదు. ఇసుక నేల మీద ఆ పుండు ఎప్పటికీ మానదని, సిమెంటు నేల ఉంటే మానుతుందని నాకు గట్టి నమ్మకం. ఎవరు చెప్పారంటే చెప్పలేను.

కైతు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కల్లు గీయడానికి కొబ్బరిచెట్టు ఎక్కేవాడు. మా దీవుల్లో చెట్టెక్కిన మగవాడు దిగేదాకా పాడుతూ ఉండాలి. కింద స్నానాలు చేసే ఆడవాళ్లకి పైన మనిషి ఉన్నాడని తెలియాలి గదా. నాకైతే ఆ పాట, వాడు ఇంకా పడలేదని చెప్పే కబురు. పాట ఆగితే నా చేతిలో ఏముంటే అది కింద పడేది.

"ఎందుకమ్మా కింద నిలబడతావ్? నేను పడితే నువ్వు పట్టుకుంటావా?" అన్నాడు ఒకరోజు, చెట్టు దిగి కల్లు బుర్ర నా చేతికిస్తూ.

"చెట్టు దగ్గర ఆ మాట అనకు."

"దిగానుగా."

"దిగినా అనకు."

నవ్వాడు. వాడి నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని అడిగేశాను. "ఓడ కంపెనీకి కబురు పెట్టావా, మళ్లీ వస్తానని? సెలవు అయిపోతోందంట గదా."

వాడు కత్తి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "రెండేళ్లలో అక్కడ ఎన్నిసార్లు పాడానో తెలుసా అమ్మా? ఒక్కసారి. అదీ ఇంజిను గదిలో, నాకే వినపడకుండా."

"పాడటానికి జీతం ఇస్తారేంట్రా?"

"ఇవ్వరు."

"నాన్న కాలు చూశావు గదా."

"చూశాను." కత్తి పక్కన పెట్టాడు. తర్వాత, "నేనుగా అడగనమ్మా. వాళ్లు పిలిస్తే మాత్రం వెళ్తాను. నాన్న కోసం వెళ్తాను. మాటిస్తున్నా," అన్నాడు.

ఆ మాట చాలు నాకు. రోజూ ప్రార్థనలో దేవుణ్ణి కంపెనీ పిలుపు ఒక్కటే అడిగాను. మా ఇంటి విషయాలు తప్ప ఇంకేమీ అడగని మనిషిని కాబట్టి వింటాడనుకున్నాను.

*

కప్పుకి కావలసిన మొగలాకు తడకలు ఇంటింటా ఆడవాళ్లు కుట్టేవాళ్లం. ఒక మధ్యాహ్నం మా ఆయన పెదనాన్న నకిబే మామయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి నా తడకల పక్కన కూలబడ్డాడు. మా వైపు ఊళ్లన్నిటికీ పాటలు కట్టేది ఆయనే. ఇప్పుడు గొంతు పోయింది. మాట్లాడితే కొబ్బరి పీచు రుద్దినట్టుంటుంది.

"గండాలమ్మా," అన్నాడు. నన్ను అలాగే పిలుస్తాడు. "నీ కొడుకుని నాకియ్యి."

"ఎందుకు మామయ్యా?"

"కొత్త కప్పుకి పాట కావాలా వద్దా? పాట లేకుండా తెరిస్తే అది పందుల కొట్టం. నా వల్ల కాదు. వాడు చెట్టు మీద పాడేది వింటున్నాను. అందులో సగం ఎవరూ కట్టని పాటలు. అక్కడికక్కడే కడుతున్నాడు దొంగ వెధవ."

పక్కన తడక కుడుతున్న అరోయితా సూది ఆపింది. "ఓడ అన్నం తిన్నవాడు పాటలు కట్టుకు బతుకుతాడా పెద్దాయనా? మా వాడి ఓడ డబ్బుతో మేం ఐసుపెట్టె కొన్నాం."

"ఏం దాచారు అందులో?"

"ఇంకా కరెంటు పెట్టించలేదు. మడత చాపలు దాచాం."

"పాట దాచుకోవడానికి పెట్టె అక్కర్లేదు," అన్నాడు ముసలాయన.

నేను నవ్వలేదు. అరుగు మీద పడుకున్న ఉరియమ్ మాత్రం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దగ్గులో దగ్గుగానే, "తీసుకెళ్లు పెదనాన్నా," అన్నాడు. నన్ను అడగలేదు.

పాట కట్టే పని మా దగ్గర ఊరికే అబ్బేది కాదు. కట్టేవాడు మూడు తెల్లవారుజాములు బయటి సముద్రం ఒడ్డుకి ఒంటరిగా వెళ్లాలి. పొద్దు పొడిచేదాకా నిలబడాలి. ఆ మూడు రోజులూ వాడితో ఎవరూ మాట్లాడకూడదు, వాడూ మాట్లాడకూడదు. అన్నం ఆకులో పెట్టి దూరంగా ఉంచి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాడి పేరు పెట్టి పిలవకూడదు. మూడో రోజు పొద్దుగూకేటప్పుడు పాటని పాడేవాళ్లకి అప్పగించేదాకా వాడికి పేరు లేనట్టే. పేరు వినపడిందా, పాట వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మళ్లీ ఆ మనిషి దగ్గరికి రాదంటారు. నకిబే మామయ్య తమ్ముడికి అలాగే జరిగింది. వాళ్లావిడ అలవాటుగా అన్నానికి పిలిచిందట. ఆయన బతికినన్నాళ్లూ వలలు అల్లాడు, మళ్లీ ఒక్క పదం కట్టలేదు.

అది విన్న దగ్గర్నుంచి నాకు కొత్త భయం. మూడు రోజులు పిలవకుండా, వాడికేమైనా అయితే ఎలా తెలుస్తుంది? దీవి తూర్పు వైపు అలలు పెద్దవి. రాతి అంచు నాచుతో జారుతుంది.

"నువ్వు మాత్రం నోరు కట్టుకో," అన్నాడు ఉరియమ్.

*

కైతు ఒడ్డుకి వెళ్తున్న మూడో రోజు పొద్దున, ఇంకా చీకటి పూర్తిగా విడకముందే కౌన్సిల్ ఆఫీసు క్లర్కు తెకాయి మోటారుసైకిలు మీద వచ్చాడు. వాడు మా వైపు బంధువే. బండి దిగకుండానే చెప్పాడు.

"పిన్నీ, తరావా నుంచి రేడియోలో కబురు. కైతుని ఓడ కంపెనీ పిలిచింది. కొత్త ఓడ, జీతం కూడా ఎక్కువట. శుక్రవారం విమానం ఎక్కాలి."

నా చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని దించడానికి చోటు కనపడలేదు. దేవుడు విన్నాడనుకున్నాను.

"వస్తున్నాడని చెప్పు," అన్నాను.

"అలా కుదరదు. వాడు స్వయంగా రేడియో దగ్గరకొచ్చి సరే అనాలి. మధ్యాహ్నం లోపు. లేకపోతే జాబితాలో తర్వాతివాణ్ణి పిలుస్తారు."

"సాయంత్రం దాకా ఆగరా? సాయంత్రానికి వాడు మాట్లాడతాడు."

"నేను అడిగాను పిన్నీ. ఆగరు."

"అయితే నువ్వే వెళ్లి పిలువు నాయనా. నీకు బండుంది."

తెకాయి బండి హేండిలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను పిలవను. పాట పోతే ఊరు నన్ను బండితో సహా లోపలి ఉప్పునీటి మడుగులో ముంచుతుంది. నువ్వు తల్లివి. నీ ఇష్టం." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఎవరికీ చెప్పలేదు నేను. మధ్యాహ్నం దాకా ఆఫీసులో ఉంటా," అన్నాడు.

ఉరియమ్ మేలుకునే ఉన్నాడు. అంతా విన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. అతని వీపు చూసి నాకేమీ తెలియలేదు.

నేను బయల్దేరాను. మా దీవి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక పాట పాడేంత దూరం కూడా ఉండదు. చేమదుంపల గుంటలు దాటాను, మొగలి పొదలు దాటాను. దారి పొడుగునా లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాను. రాజధాని దీవి తరావాలో పెద్దాసుపత్రి పక్కన గది తీసుకోవాలి. సిమెంటు నేల ఉన్న గది. మోకాలి దాకా తీసేసినా సరే, మనిషి ఉంటాడు. పాటదేముంది, ఇంకెవరైనా కడతారు. అరోయితా చిన్నకొడుకు కూడా బాగానే పాడతాడు. ఇలా అనుకుంటూ వాడి పేరుని నోట్లో పెట్టుకుని నడిచాను.

ఆటు మీదుంది సముద్రం. రాతి అంచు చాలా దూరం బయటపడి ఉంది. కైతు చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, మొహం తూర్పుకి. సూర్యుడు ఇంకా రాలేదు గాని వచ్చే చోటు తెలుస్తోంది. వాడి కుడి చెయ్యి తొడ మీద దెబ్బ వేస్తోంది, ఆగుతోంది, మళ్లీ వేస్తోంది. పెదాలు కదులుతున్నాయి. అలల్లో ఏమీ వినపడలేదు.

పొద్దు పొడిచింది. వాడు తిరిగి నా వైపే నడిచి వచ్చాడు. పొదల్లోంచి దారి అదొక్కటే.

పిలవాలంటే గట్టిగా అరవక్కర్లేదు. అంత దగ్గరగా వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడో లేదో తెలియదు, చూసినా నేనెవరో వాడికి ఆ క్షణంలో తెలియదు. చిన్నప్పుడు జ్వరం విడిచిన తెల్లారి వాడి మొహం అలా ఉండేది. తేటగా, ఏమీ అడగకుండా. ఓడ దిగిన రోజున వాడు సూట్‌కేసుతో పడవలోంచి నీళ్లలోకి దిగినప్పుడు ఆ మొహం కోసం వెతికాను నేను. ఎవరో మర్యాదస్తుడైన కుర్రాడు దిగాడు. నాకు సబ్బులు తెచ్చాడు.

పొద్దు నా వెనక నుంచి కాదు, వాడి వెనక నుంచి వస్తోంది. అయినా ఎందుకో నేను దారికి అడ్డంగా ఉన్నానేమో అనిపించి పక్కకి జరిగాను. మొగలి ముళ్లు చెయ్యి గీరాయి. వాడు దాటి వెళ్లిపోయాడు. తొడ మీద చెయ్యి వేస్తూనే ఉన్నాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. లేచి తిన్నగా కౌన్సిల్ ఆఫీసుకి నడిచాను.

"దొరకలేదు తెకాయీ," అన్నాను.

వాడు నా మొహం చూశాడు, నా చేతి మీద ముళ్లు గీరిన చారలు చూశాడు. "దొరకలేదా? పిన్నీ, ఈ దీవిలో ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున వినపడుతుంది."

"దొరకలేదు."

"సరే. అలాగే చెప్తా." రేడియో వైపు తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి ఉరియమ్ గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"పిలిచావా?"

"లేదు."

ఊపిరి వదిలాడు. అది బరువు దిగిన ఊపిరో, ఎక్కిన ఊపిరో. "వాడికి ఎప్పటికీ చెప్పకు. చెబితే పాటని తిట్టుకుంటాడు."

"మరి నీ కాలు?"

"ఇరవై ఏళ్లు ఓడల్లో తిరిగాను. ఏం మిగిలింది చెప్పు? ఒక టేపురికార్డరు. అదీ ఉప్పుగాలికి పోయింది." నా చెయ్యి లాగి చూశాడు. "ముళ్లు తీయించుకో. నీకూ పుండు పడితే ఇద్దరం కుంటాలి."

అప్పుడు ఏడ్చాను. అతను ఓదార్చలేదు. సూది తెమ్మని చెప్పి ఒక్కొక్క ముల్లూ తీశాడు.

*

ఆ సాయంత్రం కైతు పాటని అప్పగించాడు. నకిబే మామయ్య పాకలో పాడేవాళ్లు పదిమంది చుట్టూ కూర్చుంటే, వాడు ఒక్కొక్క పంక్తి చెప్పాడు, వాళ్లు అందుకున్నారు. మా పాక దగ్గరే కాబట్టి మాకు వినపడుతూనే ఉంది. అది ఓడ మనిషి పాట. చాలా ఏళ్ల తర్వాత ఇంటికొస్తాడు. ఒక పాదం ఒడ్డు మీద పెడతాడు. రెండో పాదం ఇంకా నీళ్లలోనే ఉంటుంది, ఎంత లాగినా రాదు. ఒడ్డున ఉన్న పాదం రెండోదాన్ని పిలుస్తూ ఉంటుంది.

"నా కాలి మీద కట్టాడే వెధవ," అన్నాడు ఉరియమ్. కాసేపు విని, పాకలోకి వినపడేలా అరిచాడు. "ఒరే! లంగరు దింపేటప్పుడు గొలుసు ఏడవదు. అరుస్తుంది. మార్చు."

పాకలో నవ్వులు. తర్వాత కైతు గొంతు, మూడు రోజుల తర్వాత పాట కాని మొదటి మాట: "మార్చాను నాన్నా!"

ఆ మాటలో ఎంత సంతోషముందో. నేను ముళ్ల చోట కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాను.

నెల రోజులు సాధన సాగింది. ఉరియమ్ కాలు చీలమండ దాకా నల్లబడింది. వాసన నేను పొగ వేసి కప్పిపుచ్చేదాన్ని. నర్సు రెండుసార్లు వచ్చి తరావా తీసుకెళ్లమని కోప్పడింది. "కప్పు తెరిచాక," అన్నాడు అతను. "ఈ మనిషికి నువ్వైనా చెప్పు," అని నర్సు నా మీద పడింది. చెప్పాను. రోజూ చెప్పాను. వేరే ఏం చేయగలను. ఇంట్లో డబ్బు లేని సంగతి కూడా అతనికి తెలుసు, నాకూ తెలుసు. ఆ డబ్బు ఎందుకు లేదో మాత్రం మా ఇద్దరికీ, బయట తెకాయికీ తప్ప ఎవరికీ తెలియదు. తెకాయి పెళ్లానికి నేను వారం వారం సీమపనసలు పంపేదాన్ని, ఆమె ఎందుకో తెలియక మొహమాటపడి నాకు పంచదార పంపేది.

కైతుకి వాసన తెలుస్తోంది. "కంపెనీ వాళ్లు ఇంకా పిలవలేదేంటమ్మా?" అని ఒకసారి అడిగాడు. నేను తడక కుడుతున్నాను, తల ఎత్తలేదు. వాడే, "నేనే కబురు పెట్టనా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత పెట్టాడు కూడా. జాబితా నిండిందని జవాబు వచ్చింది.

కప్పు తెరిచిన రోజున ఉరియమ్‌ని చాప మీద నలుగురు మోసుకెళ్లారు. మనేబాలో మా వంశానికి ఒక గుంజ ఉంది, దాని కిందే మా చోటు. కొత్త తడకల పచ్చివాసన నిండుగా ఉంది, అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆట మొదలైంది. ఆడేవాళ్లు నవ్వకూడదు మా దగ్గర. చేతులు పక్షి రెక్కల్లా చాచి, తల ఒక్కసారి పక్కకి విసిరి ఆగుతారు. వెనక పాడేవాళ్లు చెక్కపెట్టె మీద దరువేస్తారు. రెండో పాదం పంక్తి వచ్చేసరికి ముందు వరసలో ఆడుతున్న పిల్లకి కన్నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోకూడదు. చేతులు చాచే ఉంచింది. నకిబే మామయ్య కర్ర పారేసి లేచాడు. లేని గొంతుతో ఏదో అరిచాడు. తర్వాత ఊరంతా అరిచింది.

నేను ఆటని చూడలేదు. కైతుని చూశాను. పాడేవాళ్ల మధ్య ఎక్కడో వెనక కూర్చున్నాడు, పాట కట్టినవాడు ముందు కూర్చోకూడదు. చొక్కా లేదు, దండ లేదు. వాడికింక ఏమీ అక్కర్లేదని తెలుస్తోంది. ఆ పక్క ఊరి పెద్దలు అప్పుడే వాడి చుట్టూ చేరి తమ మనేబాకి కూడా కట్టమని అడుగుతున్నారు. వాడు వింటూ, మధ్యలో తల ఎత్తి నాన్న వైపు చూశాడు.

ఉరియమ్ నా చెవి దగ్గర నోరు పెట్టి, "చూశావా," అన్నాడు. అంతే.

తొమ్మిదో రోజున పోయాడు. తరావా పడవ మరుసటి రోజున రావలసి ఉంది.

*

సమాధి అయ్యాక మూడు రాత్రులు బంధువులున్నారు, నాలుగో రోజు మధ్యాహ్నానికి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. కైతు వలేసి రెండు చేపలు పట్టుకొచ్చాడు. నేను ఉడకబెట్టాను. అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఉరియమ్ పడుకునే చోట ఇద్దరిలో ఎవరమూ కూర్చోలేదు.

వాడు నాలుగు ముద్దలు తిని ఆగాడు. పళ్లెంలోకే చూస్తూ అడిగాడు.

"అమ్మా, నిజం చెప్పు. నేను కబురు పెట్టకముందు వాళ్లు ఎప్పుడైనా పిలిచారా?"

తెకాయి చెప్పాడా? అరోయితాకి ఎలాగో తెలిసిందా? వాడి మొహం చూశాను. ఎవరూ చెప్పలేదు. ఊరికే అడుగుతున్నాడు, పంటి కింద ఏదో తగిలి నాలుకతో వెతుక్కున్నట్టు.

"ఎందుకురా?"

"పిలిచుంటే వెళ్లేవాణ్ణి. నీకు మాటిచ్చాను గదా. వెళ్లుంటే ఈపాటికి నాన్న తరావాలో మంచం మీద కూర్చుని నర్సుల్ని ఏడిపిస్తూ ఉండేవాడు." ముద్దని పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. "ఒక్కోసారి ఏమనిపిస్తుందంటే... ఆ మూడు రోజుల్లో గాని పిలిచారేమో. నేను అక్కడ నిలబడి పాట కోసం చూస్తుంటే."

కోళ్లు సగం గోడల మీదికి ఎక్కి కూస్తున్నాయి. వాడు ఎదురు చూస్తున్నాడు. నా జీవితంలో అంత భయపడిన రోజు లేదు, అంత మామూలుగా మాట్లాడిన రోజూ లేదు.

"లేదు నాయనా," అన్నాను. "పిలవలేదు."

"నిజంగా?"

"నిజంగా."

వాడి భుజాలు కిందికి దిగాయి. కళ్లు తుడుచుకుని పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ఆకలి వేసినట్టుంది, గబగబా తినడం మొదలుపెట్టాడు. నా చేప కూడా వాడి పళ్లెంలో వేశాను.

"ముల్లు చూసుకుని తిను," అన్నాను.